చేబదులు

రాత్రి రెండూ పది. ఎమ్డెన్ కంట్రోల్ రూమ్.
కలకండ పలుకు మీద వేడి టీ పోస్తే
చిటుక్కున చిట్లింది.
మా ఫ్రీసియన్ వాళ్ళం టీని కలపం.
మీగడ తనంతట తాను మబ్బులా విచ్చుకోవాలి,
తీపి అడుగునే ఉండి చివరి గుక్కలో దొరకాలి.
చెంచా ఉన్నది ఇక చాలని చెప్పడానికి,
ఖాళీ కప్పులో నిలబెడతాం.

బయట గాలి, కరకట్ట మీద గొర్రెల్ని కూడా కూలేసింది.
ఒడ్డు కనబడని నీళ్ళలో ఎనభై మరలు
పూనకమొచ్చినట్టు తిరుగుతున్నాయి.
వాటి బలమంతా ఒక్క కేబుల్లోకి దిగి
సీళ్ళు ఒళ్ళారబెట్టుకునే ఇసుక తిన్నెల కిందుగా
చప్పుడు లేకుండా నడిచొచ్చి
నా తెర మీద ఒక పచ్చని గీత.

పదకొండేళ్ళుగా నా జీతం
ఆ గీత తిన్నగా ఉండడానికే.

రెండూ పదిహేడు.
దక్షిణాన పొలాల మీద ఒక లైను తప్పుకుంది.
(కొమ్మో, కొంగో, తెల్లారాక తెలుస్తుంది.)
ఇంకొకటి ముందే మరమ్మతులో ఉంది.
మిగిలింది ఒక్కటే దారి, సన్నటిది.

గాలికేం కొదవ?
వచ్చినదాన్ని నిలబెట్టుకునే నేలే మెత్తబడింది.
ఒడ్డున రెండు కన్వర్టర్లు, ఒకటి మాది,
ఒకటి పక్క మరల గుంపుది.
కుదుపు చూసి మాది ఒక అడుగు సర్దుకుంది,
మాది సర్దుకోవడం చూసి అది ఒక అడుగు.
ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తులు
మీరిటా, నేనూ ఇటే, అయ్యో అటా, నేనూ అటే...
సెకనుకు ఏడుసార్లు.
ప్రతిసారీ ఇంకాస్త పెద్ద అడుగు.

తర్వాతి మూడు సెకన్లలో నేను చేసిందేమీ లేదు.
నివేదికలో వేరేలా రాస్తారు.
నా చేతిలో కప్పుంది. అంతే.

ఆ పాత ఇనుము గురించి చెప్పాలి.
నది మలుపులో బొగ్గు కేంద్రం ఉండేది.
యెల్టో అక్కడ ఇరవై ఆరేళ్ళు మసి మింగాడు.
బాయిలర్లు విప్పి అమ్మేశారు. చిమ్నీని ఒక ఆదివారం
జనం బిస్కెట్లు తింటూ చూస్తుండగా పడగొట్టారు.
జనరేటరొక్కటీ ఉంచారు.
రెండు వందల టన్నుల బొంగరం.
ఇప్పుడది ఏదీ మండించదు, ఒక్క దీపమూ వెలిగించదు,
పైగా తిరగడానికి తానే కాస్త కరెంటు తాగుతుంది.
"తాతా, నీ పనేంటి?" అని మనవరాలు అడిగితే
"ఒక బరువు ఆగిపోకుండా చూడ్డం" అన్నాట్ట.
"అదెందుకు తిరగడం?"
"బరువుగా ఉండడానికి."
ఆ పిల్లకి నచ్చలేదు.
నాకూ అప్పట్లో నచ్చలేదు.

ఆ మూడు సెకన్లలో అది చేబదులిచ్చింది.
కాగితం లేదు, వడ్డీ లేదు, ఎవరు నువ్వని లేదు.
గీత కుంగినచోట తన తిరుగుడులోంచి కాస్త తీసి పోసింది,
ఉబ్బినచోట కాస్త తీసుకుని ఒళ్ళో దాచుకుంది.
అడుగు చిన్నదయింది.
ఇంకా చిన్నది.
ఒక ఒణుకు.
గీత.

ఫోన్ చేశాను.
"చూశావా?"
"చూళ్ళేదు తాల్కే, విన్నాను. మూలిగింది,
మోకాళ్ళ నొప్పులవాడు కుర్చీలోంచి లేచినట్టు."
తర్వాత ఇద్దరం మాట్లాడలేదు, పెట్టెయ్యనూ లేదు.
అతని వెనకాల దాని హోరు.

ఊళ్ళో ఏ గడియారమూ తప్పలేదు.
బేకరీలో పిండి పిసికే మర ఆగలేదు.
రేవు వీధిలో నిద్రపట్టని ఎవరో ఫ్రిజ్ తెరిస్తే
లోపల దీపం వెలిగే ఉంటుంది,
జున్ను ముక్క తీసుకుని తలుపేసుంటారు.

కప్పులోకి చూశాను.
మీగడా తీపీ అంతా కలిసిపోయి ఒకటే రంగు.
నా చెయ్యి వణికిందని అప్పుడు తెలిసింది.
మా అమ్మ చూస్తే దీన్ని టీ అనదు.
తాగేశాను.
చెంచా మాత్రం కప్పులో నిలబెట్టలేదు,
తెల్లారడానికింకా మూడు గంటలుంది.